మా అన్నయ్యను మీటింగు దాకా చేర్చిన వారందరికీ కృతజ్ఞతలు

తాగుడు మానాలని నిర్ణయించుకున్న మా అన్నయ్యకు దగ్గరలో జరిగే ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవారు ఒకరికొకరు తోడుగా నిలిచే సంఘం) మీటింగు ఎక్కడుందో వెతికిపెట్టి, ఆ గది గుమ్మం దాటేదాకా వెంట నిలిచిన వారందరికీ మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు తెలియజేస్తున్నాను. అన్నయ్య అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. సాయం చేసిన వారిలో చాలామంది ఇంటిపేర్లు నాకు తెలియవు. తెలిసిన పేర్లను కూడా బయటపెట్టకూడదన్నది ఆ సంఘం ఎంతో నిష్ఠగా పాటించే పద్ధతి. పేరు పెట్టి చెప్పలేని కృతజ్ఞత కొంత అసంపూర్ణంగా అనిపిస్తున్నా, ఆ గోప్యత లేకపోతే అన్నయ్య అటువైపు అడుగు వేసేవాడే కాదు కనుక దాన్ని గౌరవించడమే నాకు సముచితంగా తోచింది.

అందరికంటే ముందు, మా ఫోను ఎత్తిన సభ్యుడికి నమస్కారాలు. మీటింగు చిరునామా అడిగితే ఆయన తొలుత అడిగినది, అన్నయ్య రోజూ ఎంత తాగుతాడని, ఎప్పటినుంచి తాగుతున్నాడని. ఏళ్ల తరబడి ప్రతిరోజూ అధికంగా తాగేవారు ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, చెమటలతో మొదలై మూర్ఛలు రావచ్చని, రెండు మూడు రోజులకు డెలీరియం ట్రెమెన్స్ అనే మతిభ్రమణ స్థితి ఏర్పడి ప్రాణం మీదికి కూడా రావచ్చని, తమ మీటింగులో వైద్యం ఉండదు కనుక ముందు డాక్టరును కలవమని స్పష్టంగా చెప్పారు. మానేయడమే ప్రమాదం కాగలదన్న సంగతి మాలో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత చికిత్స చేసిన డాక్టరుగారికి కూడా మేము రుణపడి ఉన్నాము. ఇలా కూర్చుని మాట్లాడుకుంటే తాగుడు పోతుందా అని అన్నయ్య కాస్త వెటకారంగానే అడిగినప్పుడు ఆమె విసుక్కోలేదు. వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2020లో వెలువరించిన సమీక్షలో 27 అధ్యయనాలను పరిశీలించారని, పూర్తిగా మానేసి ఉండే విషయంలో ఈ సంఘం అనుసరించే పన్నెండు మెట్ల పద్ధతి ఇతర ప్రసిద్ధ చికిత్సలకు తీసిపోలేదని, కొన్నిచోట్ల మెరుగైన ఫలితాలే ఇచ్చిందని ఓపికగా వివరించారు.

ఇక మీటింగును వెతకడం మేమనుకున్నంత సులభంగా జరగలేదు. మాకు మొదట దొరికిన చిరునామా పాతది. అక్కడ మీటింగు జరగడం ఎప్పుడో ఆగిపోయింది. ఎంతో కష్టం మీద బయలుదేరిన మనిషి తాళం వేసిన తలుపు చూసి వెనక్కి తిరిగితే మళ్లీ ఎప్పుడు కదులుతాడో ఎవరూ చెప్పలేరు. అదే సభ్యుడు ఆ సాయంత్రమే నిర్వాహకులకు ఫోను చేసి, చోటు, వారం, వేళ నిర్ధారించుకుని మాకు తెలియజేశారు. అంతేకాక, క్లోజ్డ్ మీటింగు మానాలనుకునే వారికి మాత్రమేనని, ఓపెన్ మీటింగుకు ఎవరైనా రావచ్చని చెప్పి, నేను కూడా వెంట వెళ్లగలిగేలా ఓపెన్ మీటింగునే సూచించారు. ఆ తేడా తెలియకపోతే నన్ను బయటే ఆపేసేవారు, అన్నయ్య నాతోపాటు ఇంటికి తిరిగి వచ్చేసేవాడు.

గుమ్మం దగ్గర మాకోసం నిలబడి ఉన్న పెద్దాయనను మరచిపోలేను. రిజిస్టరులో సంతకం ఉండదని, రుసుము లేదని, మాట్లాడాలనిపించకపోతే విని వెళ్లిపోవచ్చని, తాగుడు మానాలన్న కోరిక తప్ప సభ్యత్వానికి మరే అర్హతా అక్కర్లేదని ఆయన లోపలికి వెళ్లకముందే చెప్పారు. అన్నయ్య దేవుణ్ణి నమ్మడు. మెట్లలో దైవం ప్రస్తావన ఉందని విని వెనకాడాడు. ఆయన వాదించకుండా, దాన్ని ఎవరికి తోచినట్టు వారు అర్థం చేసుకోవచ్చని, అదీ కుదరకపోతే స్మార్ట్ రికవరీ వంటి వేరే బృందాలు కూడా ఉన్నాయని చెప్పారు. తమ సంఘాన్ని కాదని వెళ్లే దారి కూడా చూపించడం వల్లనే అన్నయ్యకు ఆయన మీద గురి కుదిరిందని నా అభిప్రాయం.

మీటింగు అయ్యాక నేను కృతజ్ఞతగా కొంత సొమ్ము ఇవ్వబోతే తీసుకోలేదు. సభ్యులు ఇచ్చుకునే దానితోనే నడవాలని, బయటివారి విరాళాలు స్వీకరించకూడదని వారి సంప్రదాయమట. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో తాగుడుకు బానిసలైన ఒక షేర్ల వ్యాపార నిపుణుడు, ఒక శస్త్రవైద్యుడు కలుసుకుని ఒకరి అనుభవం ఒకరితో పంచుకోవడంతో ఇది మొదలైందని, ఇంకొక బాధితుడికి తోడుగా నిలబడితేనే తాము కూడా నిలబడగలమని, కనుక ఇందులో తమ అవసరం కూడా ఉందని ఆ పెద్దాయన నవ్వుతూ అన్నారు.

వదినను, నన్ను అల్-అనాన్ మీటింగుకు పంపిన వారికి ప్రత్యేకంగా ధన్యవాదాలు. తాగేవారి కుటుంబసభ్యుల కోసం 1951లో ఏర్పడిన ఈ సంఘం గురించి మేము విననే లేదు. ఇంట్లో సీసాల కోసం గాలించడం, ఆఫీసుకు ఫోను చేసి అన్నయ్యకు జ్వరమని చెప్పడం తన బాధ్యత కాదని వదిన అక్కడే మొదటిసారి విన్నది. ఆమె ముఖంలో కాస్త ఊరట కనబడింది కూడా అప్పుడే.

అన్నయ్య మీటింగులకు వెళుతున్నాడు, ఒక స్పాన్సరును, అంటే దారి చూపుతూ తోడుండే పాత సభ్యుణ్ణి, ఎంచుకున్నాడు, తాగాలనిపించిన వేళ ఆయనకు ఫోను చేస్తున్నాడు. చివరగా, మేము చెప్పిన వెంటనే మీటింగుల జాబితాలోని పాత చిరునామాను తీయించి కొత్తది పెట్టించిన స్వచ్ఛంద కార్యకర్తకు కూడా మా నమస్కారాలు.