డిజిటల్ సంతకం టోకెన్ వేరేవాళ్ల డ్రాయర్లో ఎందుకు?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆన్‌లైన్ టెండర్లలో మన రేటు ఎవరో హ్యాక్ చేసి ముందే చూసేస్తారేమో అని చిన్న కాంట్రాక్టర్లు తెగ భయపడుతున్నారు, నాకైతే భయం ఇంకోచోట ఉంది, మన పేరుతో కంప్యూటర్లో సంతకం పెట్టే టోకెన్ (పెన్‌డ్రైవ్ లాంటి చిన్న పరికరం) ఎవరి చేతిలో ఉందన్న దగ్గర. కేంద్ర ప్రభుత్వ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్లో మనం వేసే బిడ్‌ని, దాన్ని తెరవాల్సిన ఆఫీసర్ల పబ్లిక్ కీతోనే ఎన్‌క్రిప్ట్ చేస్తారు, అంటే ఎవరూ చదవలేకుండా తాళం వేసేస్తారు. ఆ కీ ఊరందరికీ తెలిసినా ఏం కాదు, దాంతో మూయడమే తప్ప తెరవడం కుదరదు, తెరవాలంటే ఆఫీసర్ దగ్గరుండే ప్రైవేట్ కీ ఉండాల్సిందే.

ఇలాంటి జంట కీలకి వాడే, 1977లో వచ్చిన ఆర్ఎస్ఏ అనే పద్ధతిలో కిటుకు ఇంతే: 61ని 53తో గుణిస్తే 3233 అని టక్కున చెప్తాం, అదే 3233 ఇచ్చి ఏ రెండు ప్రధాన సంఖ్యలు గుణిస్తే వచ్చిందో చెప్పమంటే కాసేపు కూర్చోవాలి. ఇప్పుడు వాడే 2048 బిట్ల కీలో ఆ సంఖ్యకి 617 అంకెలుంటాయి, 2020లో పరిశోధకులు బోలెడన్ని కంప్యూటర్లు పెట్టి విడగొట్టింది 250 అంకెల సంఖ్యని. కాబట్టి లెక్క గట్టిదే.

ఫలానా కీ ఫలానా మనిషిదే అని సర్టిఫికెట్ ఇచ్చే దగ్గర మాత్రం తేడా కొట్టొచ్చు. 2014లో మన ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ) సర్టిఫికెట్ వ్యవస్థ నుంచే గూగుల్, యాహూ వెబ్‌సైట్ పేర్లకి వాళ్లకి తెలీకుండా సర్టిఫికెట్లు బయటికొచ్చాయి కదా.

దానికన్నా దారుణం మన ఊళ్లలో జరిగేది. ఆడిటర్ ఆఫీసుల్లో, నెట్ సెంటర్లలో చూడండి, క్లయింట్ల డిజిటల్ సంతకం టోకెన్లన్నీ ఒకే డ్రాయర్లో ఉంటాయి, ఒక్కోదానికి పేరూ పిన్నూ రాసిన స్టిక్కర్ అంటించి మరీ. మన ప్రైవేట్ కీ ఉండేది ఆ టోకెన్లోనే, దాన్ని అందులోంచి కాపీ చేయడం కష్టమే, కానీ ఆ పిన్ ఉన్నోడికి కాపీతో పనేంటి, మీ పేరు మీద బిడ్ వేయొచ్చు, కంపెనీ ఫారాల మీద సంతకం పెట్టొచ్చు, కంప్యూటర్ దృష్టిలో అది మీరే. ఐటీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం ప్రైవేట్ కీని జాగ్రత్తగా ఉంచుకోవాల్సింది దాని ఓనరే, అది వేరేవాళ్ల చేతికి పోయిందని సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లకి చెప్పేదాకా బాధ్యత కూడా ఆయనదే. టోకెన్ తీసుకునే ఎంతమందికి ఈ ముక్క ఎవరైనా చెప్తున్నారు?

సర్టిఫికెట్ అమ్మేవాళ్లు ఈ విషయం తెలుగులో ఒక పేజీ రాసి టోకెన్‌తో పాటు ఇవ్వాలి, పిన్ కొనేవాళ్ల చేతే పెట్టించాలి. ఆడిటర్లు కూడా పని అవగానే టోకెన్ తిరిగిచ్చేయాలి, మళ్లీ ఫైలింగ్ ఉన్నప్పుడు క్లయింట్‌నే తెచ్చుకోమనాలి, ఇబ్బందే అయినా సరే.

– ఒక పాఠకుడు, గుంటూరు