కొరియర్ ఇక్కడికి వచ్చింది చిన్నా

చిన్నాకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ చెన్నైలో అంతా బాగానే ఉంది. అయనావరంలో మెట్రో పని ఇంకా తెమల్లేదు, దుమ్ముకి అమ్మ కిటికీలు తియ్యనివ్వడం లేదు. తన మోకాలు కాస్త నయం, మెట్లు దిగేటప్పుడు మాత్రం నా భుజం పట్టుకుంటోంది. రంగనాథం బాబాయి వాళ్ళబ్బాయి చేత మాగాయ సీసా పంపాను, అందిందా? నూనె తేలేట్టు చూసుకో, తడి గరిట పెట్టకు. బెంగళూరులో ఈపాటికి చలి ముదిరి ఉంటుంది, రాత్రి షిఫ్టు నుంచి బండి మీద వచ్చేటప్పుడు చెవులు కప్పుకో. నువ్వు మాట్లాడి చాలా రోజులైంది. ఫోన్ ఎత్తినా "మీటింగ్ ఉందమ్మా" అని పెట్టేస్తున్నావట.

నీ పేరున ఒక పార్శిల్ ఇక్కడికి వచ్చింది. ఫోన్‌లో పాత అడ్రసే ఉండిపోయినట్టుంది. సంతకం పెట్టి నేనే తీసుకున్నాను, విప్పలేదు. కానీ బిల్లు పైనే అంటించి ఉంది, లోపలున్నవి మగతనం క్యాప్సూల్స్ అని కూడా దాని మీదే ఉంది. అమ్మ చూడలేదు. నా బీరువాలో ఎల్‌ఐసీ కాగితాల కింద పెట్టాను. నిన్ను నిలదీయడానికి రాయడం లేదు. ఫోన్‌లో ఈ మాటలు నా నోటికి రావు, వాట్సాప్‌లో పెడితే ఎవరి కంట పడతాయో తెలీదు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

శ్రావణి దసరాకి నెల్లూరు వెళ్ళి ఇంకా రాలేదని పిన్ని చెప్పింది. అక్కడి నుంచే ఆఫీసు పని చేసుకుంటోందట. పిన్ని ఆ మాట సాగదీసి చెప్పిన తీరు నాకు నచ్చలేదు. వాళ్ళ మాటలు నేను పట్టించుకోను. అమ్మకి మాత్రం గట్టిగా చెప్పాను, ఇకమీదట కోడల్ని "ఏమైనా విశేషమా" అని అడగొద్దని. అడగనని ఒప్పుకుంది. బిడ్డ కోసం తేదీలు లెక్కపెట్టుకుని ఆ రోజునే కావాలనుకుంటే ఎంత ఆరోగ్యవంతుడికైనా ఒళ్ళు మొరాయిస్తుందని మా గుండె డాక్టరు చెప్పాడు. పేర్లు చెప్పకుండా అడిగాన్లే, కంగారుపడకు.

రామ్మూర్తి మామ సంగతి నీకు తెలీదు. ఆయన్ని అడిగే రాస్తున్నాను. "ఎవరికైనా పనికొస్తే చెప్పెయ్ బావా" అన్నాడు. రైలు పెట్టెలు చేసే ఐసీఎఫ్‌లో, షెల్ షాపులో నా పక్కనే పని చేసేవాడు. 1983లో పెళ్ళైంది. అప్పుడు వాళ్ళుండేది కొన్నూరు హైరోడ్డు దగ్గర ఒంటిగది పోర్షన్. ఆ గదిలోనే వాళ్ళమ్మ, ఇద్దరు చెల్లెళ్ళు, వీళ్ళిద్దరు. మధ్యలో పాత చీర అడ్డం కట్టి తెర. అవతల ఎవరు పక్కకి ఒత్తిగిలినా ఇవతలికి తెలిసేది. కొత్తలో ఒక రాత్రి కుదరలేదు. అలా ఎవరికైనా అవుతుంది, అలసట ఉన్నా అవుతుంది, మందు తాగినా అవుతుంది. కానీ మామ దాన్ని మర్నాడు షిఫ్టంతా తలలో పెట్టుకుని తిరిగాడు. ఆ రాత్రి "ఇవాళా అంతేనేమో" అని భయపడ్డాడు, భయపడినట్టే అయింది. తరువాత ఓవర్‌టైమ్ అడిగి మరీ తీసుకుని, అందరూ పడుకున్నాక ఇంటికి చేరేవాడు. అత్తేమో తను నచ్చలేదేమో అనుకుని, నోరు విప్పి అడగలేక పుట్టింటికి వెళ్ళిపోయింది.

అప్పుడు మామ సెంట్రల్ దగ్గర ఒక లాడ్జికి నెలకోసారి వచ్చే వైద్యుడి దగ్గరికి వెళ్ళాడు. గోడల మీద పోస్టరు చూసి వెళ్ళాడు. ఆయన నాడి పట్టుకుని, కుర్రతనపు అలవాట్ల వల్ల నరాలు చచ్చుబడ్డాయి, ధాతువు, అంటే వీర్యం, కరిగిపోయింది అని చెప్పి భస్మం, లేహ్యం, నూనె అంటగట్టాడు. పెళ్ళి ఉంగరం మార్వాడీ కొట్లో తాకట్టుకి వెళ్ళింది. భస్మంతో కడుపు పాడైంది. అంతకన్నా పెద్ద నష్టం, నరాలు నిజంగానే పోయాయని మామకి నమ్మకం కుదిరిపోయింది. లేని జబ్బు ఉందని భయపెట్టి, ఆ భయంతోనే మందు అమ్ముకునేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇలాంటి మందులకి ప్రకటనలు ఇవ్వకూడదని 1954లోనే చట్టం చేశారు. అయినా అప్పుడు గోడల మీద, ఇప్పుడు నీ ఫోన్‌లో.

చివరికి రైల్వే ఆసుపత్రి డాక్టరు చీటీ రాసిస్తే కీళ్పాక్ మానసిక ఆసుపత్రికి వెళ్ళాడు. 1794 నుంచి ఉన్న ఆసుపత్రి అది, మనింటికి నడక దూరం. ఆ గేటు దగ్గర తెలిసినవాళ్ళు చూస్తారేమోనని రెండుసార్లు సగం దారిలో వెనక్కి వచ్చాడట. అక్కడి పెద్ద డాక్టరు ముందు అడిగింది ఒకటే: తెల్లవారి లేచేసరికి అంగం గట్టిపడి ఉంటుందా? ఉంటుందన్నాడు మామ. సమస్య మెల్లగా వచ్చిందా, ఒక్కసారిగానా? ఒక్కసారిగా. ఒంటరిగా ఉన్నప్పుడు? అప్పుడు బాగానే ఉంటుంది. అయితే రక్తనాళాలూ నరాలూ సరిగానే ఉన్నాయి, అడ్డుపడుతున్నది భయం అని చెప్పాడట. ఆరోగ్యంగా ఉన్న మగవాడికి నిద్రలో, కలలు వచ్చే దశలో, రాత్రికి 3 నుంచి 5 సార్లు అలా అవుతుంది. నిద్రలో భయం ఉండదు కాబట్టి ఒళ్ళు తన పని తను చేసుకుపోతుంది.

తరువాత చెప్పింది విని మామ బిత్తరపోయాడు. కొన్ని వారాలపాటు అసలు ప్రయత్నమే చేయొద్దన్నాడట. పక్కన పడుకోండి, కబుర్లు చెప్పుకోండి, ముట్టుకోండి, అంతవరకే. పరీక్ష లేదని తెలిశాక భయం దానంతటదే దిగింది. అత్తని వెళ్ళి తీసుకొచ్చాడు, జరిగిందంతా తనే చెప్పాడు. విల్లివాక్కంలో వేరే పోర్షన్‌కి మారారు. ఈ పద్ధతి మాస్టర్స్, జాన్సన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 1970 నాటికే రాసిపెట్టారని మా గుండె డాక్టరు చెప్పాడు. మగవాడు ఆ సమయంలో భార్యతో ఉండకుండా, పక్కన నిలబడి తనని తాను గమనించుకుంటాడట, అయిందా లేదా అని. ఆ చూపే అడ్డం.

ఆయన చెప్పింది నేను మా షాపు భాషలో అర్థం చేసుకున్నాను. ఎయిర్ బ్రేకు పైపులో గాలి తగ్గితే చక్రాలు పట్టేస్తాయి. ఇంజన్‌లో ఏ లోపం లేకపోయినా బండి కదలదు. గట్టిగా లాగితే లాభం లేదు, ముందు బ్రేకు వదలాలి. మనసుకి టెన్షన్ వస్తే అడ్రినలిన్ పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, రావలసిన చోటికి రక్తం రాదు. ఒంటికి తెలిసింది అపాయం వచ్చిందనే, అది ఆఫీసులో ఉద్యోగాలు తీసేస్తారన్న భయమా, ఈఎంఐ భయమా, పడకగది భయమా అన్నది దానికి తెలీదు. దిగులు జబ్బు ఉన్నా ఇలా అవుతుంది. ఆ దిగులుకి వాడే కొన్ని మాత్రల వల్ల కూడా అవుతుంది. నువ్వేమైనా వేసుకుంటుంటే సొంతంగా మానెయ్యకు, రాసిన డాక్టరుకే చెప్పు.

అలాగని అంతా మనసేనని నువ్వే తేల్చుకోకు. తాతయ్యకి షుగరు, నాకు స్టెంటు. అక్కడి రక్తనాళాలు సన్నవి కాబట్టి గుండె జబ్బు కొందరికి ముందు అక్కడే బయటపడుతుంది. పరగడుపున షుగరు, మూడు నెలల సగటు షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకో. టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను పరీక్ష పొద్దున్నే ఇవ్వాలి, రాత్రి షిఫ్టు చేసి మధ్యాహ్నం లేచి వెళ్తే కుదరదు. సిగరెట్టు మానెయ్. మానేశానని చెప్పావు, ఉగాదికి వచ్చినప్పుడు నీ చొక్కా నేనే ఉతకడానికి వేశాను.

ఆ క్యాప్సూల్స్ మాత్రం వద్దు. మూలికల పేరుతో అమ్మే వాటిలో చాలాచోట్ల చెప్పకుండా సిల్డెనాఫిల్ కలిపి పట్టుబడ్డారు. అది వయాగ్రాలో ఉండే మందు, 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. మంచి మందే, కానీ డాక్టరు చీటీ మీద తీసుకోవలసింది. నేను నాలుక కింద పెట్టుకునే గుండె మాత్ర సార్బిట్రేట్ లాంటి వాటితో కలిస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పైగా అది కోరికని పుట్టించదు, ఉన్న కోరికకి దారి ఇస్తుందంతే. డాక్టరు రాసిస్తే సిగ్గుపడకుండా వేసుకో, ధైర్యం వచ్చేదాకా ఊతంగా కొందరికి ఇస్తారట.

నీకు హోసూరు రోడ్డు మీద నిమ్హాన్స్ మానసిక ఆసుపత్రి ఉంది. దేశం నలుమూలల నుంచీ వస్తారు అక్కడికి. వెళ్ళడానికి మొహమాటమైతే ముందు 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అంటారు, డబ్బు అక్కర్లేదు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో కూడా మాట్లాడతారు. ఇద్దరూ కలిసి వెళ్తే ఇంకా మంచిది. శ్రావణికి నువ్వే చెప్పు, పిన్ని నోటి నుంచి విననివ్వకు. ఆ పిల్ల తనలోనే లోపముందని అనుకుంటూ ఉండొచ్చు. ఈ శనివారమే నెల్లూరు వెళ్ళు. రాత్రి బస్సులో వద్దు, నడుం పట్టేస్తుంది, రైల్లో వెళ్ళు. వాళ్ళమ్మగారికి పళ్ళు పట్టుకెళ్ళు. అక్కడ నలుగురిలో ఈ మాట ఎత్తకు, ఇద్దరూ మైపాడు బీచికి వెళ్ళి మాట్లాడుకోండి.

పార్శిల్ వెనక్కి పంపమంటే పంపుతాను, పారెయ్యమంటే పారేస్తాను. డబ్బు పోతే పోయింది. పరీక్షలకి కావాలంటే వేస్తాను, అమ్మకి పాస్‌బుక్కు చూసే అలవాటు లేదు. నాతో మాట్లాడాలనిపిస్తే సాయంత్రం ఆరున్నర దాటాక చెయ్యి, అమ్మ విష్ణుసహస్రనామానికి వెళ్ళి ఏడున్నర దాకా రాదు. మాట్లాడాలనిపించకపోతే మాగాయ అందిందని మాత్రం మెసేజ్ పెట్టు.

నాన్న