లైట్ వెలిగింది, ప్లేట్ తిరిగింది, నీళ్ళు మాత్రం వేడెక్కలేదు

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో పాత ఫ్రిజ్‌లు, ఓవెన్లు, మిక్సీలు అమ్మబడును అని వచ్చే చిన్న ప్రకటనలు నేను రోజూ చూస్తుంటానండీ. అలాంటి ప్రకటన ఒకటి చూసే వెళ్ళి మైక్రోవేవ్ ఓవెన్ కొన్నాం, ఆ సంగతి చెబుదామనే ఈ ఉత్తరం. అమ్మినాయన చాలా మర్యాదగా ప్లగ్ పెట్టి చూపించాడు, లోపల లైట్ వెలిగింది, ప్లేట్ తిరిగింది, ఫ్యాన్ సౌండ్ వచ్చింది, చివర్లో టింగుమంది. ఇంకేం కావాలి అనుకుని తెచ్చేసుకున్నాం. ఇంటికొచ్చి గ్లాసుడు నీళ్ళు పెట్టి అయిదు నిమిషాలు తిప్పితే పెట్టిన నీళ్ళు పెట్టినట్టే ఉన్నాయి. అసలు వేడి పుట్టించేది మాగ్నెట్రాన్ అనే పార్ట్ అట, అది పోయినా లైటూ ప్లేటూ ఫ్యానూ టైమరూ ఎప్పటిలాగే పనిచేస్తాయట. అంటే ఆయన అబద్ధం కూడా ఆడలేదు, "ఆన్ అవుతోంది చూడండి" అన్నాడు, ఆన్ అయింది, అంతే!

మా ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని కవర్ విప్పబోయారు, తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేస్తే ఫోన్లోనే గట్టిగా అరిచాడు. లోపలుండే కెపాసిటర్ 2000 వోల్టుల దాకా ఛార్జ్ అవుతుందట, ప్లగ్ తీసేసినా ఆ ఛార్జ్ కొంతసేపు అలాగే ఉండిపోవచ్చు, చెయ్యి తగిలితే ప్రాణానికే ముప్పు. కొనేముందే ఒక గ్లాసు తీసుకెళ్ళి నీళ్ళు పెట్టి చూస్తే ఈ గొడవంతా ఉండేది కాదు. 800 వాట్ల ఓవెన్ అయితే గ్లాసుడు నీళ్ళు రెండు, రెండున్నర నిమిషాల్లో మరగాలి. డోర్ సరిగ్గా పడకపోయినా, కీలు వదులైనా, జాలీ తుప్పు పట్టి కనిపించినా అది ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

ఫ్రిజ్ దగ్గర ఇంతకంటే పెద్ద మోసం జరుగుతుంది, ఎందుకంటే ఫ్రిజ్ బాగుందో లేదో పది నిమిషాల్లో తెలీదు కదా. మనం వెళ్ళేసరికి అది ఆఫ్ చేసి ఉంటుంది, ప్లగ్ పెడతారు, గుర్రుమంటుంది, లోపల చెయ్యి పెడితే కొంచెం చల్లగా తగుల్తుంది, మనం తలూపేస్తాం. అలా కాకుండా ముందు రోజే ఫోన్ చేసి రాత్రంతా ఆన్‌లో ఉంచమని చెప్పి పొద్దున్నే వెళ్ళి చూడాలి, థర్మామీటర్ పెడితే కింద భాగం 5 డిగ్రీలు దాటకూడదు, ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉండాలి, మధ్యమధ్యలో కంప్రెసర్ ఆగుతోందా లేదా కూడా గమనించాలి (ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న మోడల్ అయితే అది ఆగకుండా నెమ్మదిగా నడుస్తూనే ఉంటుంది, అది వేరే సంగతి).

ఇంకో మాట, "మొన్నే గ్యాస్ కొట్టించామండీ" అని గొప్పగా చెబుతారు చూడండి, అది వినగానే నాకు భయమేస్తుంది. ఫ్రిజ్‌లో గ్యాస్ వంటింట్లో సిలిండర్‌లా వాడేకొద్దీ అయిపోయేది కాదు, సీల్ చేసిన పైపుల్లో అదే తిరుగుతూ ఉంటుంది. కొట్టించాల్సి వచ్చిందంటే ఎక్కడో లీకైనట్టే, ఆ లీక్ ఎక్కడుందో కనిపెట్టి అతికించారా అని అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు. బాగా పాతవాటిలో ఆర్-12 అనే గ్యాస్ ఉంటుంది, ఓజోన్ పొరని పాడుచేస్తోందని 1987లో మాంట్రియల్ ఒప్పందం పెట్టుకుని ఆపేసుకుంటూ వచ్చిన రకం అది, దానికి ఇప్పుడు గ్యాసూ దొరకదు, చేసేవాళ్ళూ దొరకరు. కొత్తవాటిలో ఎక్కువగా ఆర్-600ఎ, అది మండే గ్యాస్, తెలియని మెకానిక్ దాని దగ్గర వెల్డింగ్ పెడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఏ గ్యాసో లోపలో వెనకాలో ఉండే లేబుల్ మీద రాసి ఉంటుంది, ఆ లేబుల్ పీకేసి ఉంటే ఎందుకు పీకేశారో అడగండి. తెచ్చేటప్పుడు పడుకోబెట్టి తెస్తే కంప్రెసర్ ఆయిల్ పైపుల్లోకి పోతుంది, నిలబెట్టి కొన్ని గంటలు ఆగాకే ఆన్ చెయ్యాలి, ఇది మాత్రం అమ్మేవాళ్ళ తప్పు కాదు, మన తొందర.

మిక్సీ అయితే ఖాళీ జార్ తిప్పి చూపిస్తే ఒప్పుకోవద్దు, లోడ్ వేసి తిప్పితేనే మోటార్‌లో కార్బన్ బ్రష్‌ల కాలిన వాసన, జార్ అడుగున బ్లేడు తిరిగే బుష్ దగ్గర కారడం బయటపడతాయి. ప్రెషర్ కుక్కర్‌కి గ్యాస్కెట్, సేఫ్టీ వాల్వ్ మార్చుకోవచ్చు గానీ అడుగు ఉబ్బితే ముట్టుకోవద్దు. ఇక ఏది కొన్నా ప్లగ్‌కి ఎర్త్ పిన్ ఉందో లేదో చూడండి, రెండు పిన్నుల సాకెట్లో పట్టడానికని దాన్ని విరిచేసిన మహానుభావులు ఉన్నారు.

పాతవి కొనొద్దని నేననట్లేదు, మా మిక్సీ కూడా పాతదే, బంగారంలా తిరుగుతోంది. మీకు నా మనవి ఒక్కటే, మీరు వేసే ప్రకటనల్లో "గుడ్ కండిషన్" అన్న ముక్క బదులు తయారైన ఏడాది, మోడల్ నంబర్, ఇంతకుముందు ఏం రిపేర్ చేయించారు అన్న మూడు సంగతులూ రాస్తేనే వేస్తామని ఒక రూల్ పెట్టండి. మహా అయితే రెండు లైన్లు పెరుగుతాయి. మా మైక్రోవేవ్ సంగతి అడుగుతారేమో, డోర్ గట్టిగా పడుతుంది కాబట్టి బిస్కెట్ డబ్బాలు దాచుకుంటున్నాం, చీమలు రావట్లేదు.

ఇట్లు,
మీ రోజువారీ పాఠకురాలు