వసూలుకు వచ్చినవాళ్లు గడప బయటే ఆగాలి

సంపాదకుడు గారికి,

మా వీధిలో మిషన్ కుట్టి ఇల్లు నడుపుకునే అక్క ఉంది. గ్రూపులో తీసుకున్న మైక్రోఫైనాన్స్ లోను రెండు కిస్తీలు ఆగింది. పోయిన నెల ఒక రాత్రి ఎనిమిదిన్నరకు ఇద్దరు కుర్రాళ్లు బైకు మీద వచ్చారు. రమ్మనకుండానే లోపలికెళ్లి, పదో తరగతి చదివే పిల్ల పుస్తకాలు పరుచుకున్న మంచం మీదే కూర్చున్నారు. కట్టేదాకా కదిలేది లేదన్నారు. ఒకడు కుట్టుమిషన్ మీద చెయ్యి వేసి, దీన్ని పట్టుకుపోతే లెక్క సరిపోతుందన్నాడు. పొయ్యి మీద అన్నం మాడి వాసన వీధిలోకి వచ్చింది. అయినా అక్క కదల్లేదు. చివరికి మేమే తలా కొంత వేసి ఒక కిస్తీ కట్టి పంపించాం. అసలు లోపలికి వచ్చే హక్కే వాళ్లకు లేదని ఆ రాత్రి మాలో ఒక్కరికీ తెలియదు.

బ్యాంకులో పనిచేసి రిటైరైన మా బావగారు చెప్తే తెలిసింది. మైక్రోఫైనాన్స్ లోన్లకు రిజర్వు బ్యాంకు 2022లోనే నిబంధనలు పెట్టింది. కిస్తీ వసూలు ఇరువైపులా ఒప్పుకున్న చోటే జరగాలి. వరసగా రెండుసార్లో అంతకంటే ఎక్కువసార్లో అక్కడికి రాకపోతేనే సిబ్బంది ఇంటికి రావచ్చు. అదీ ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత కుదరదు. రికవరీ ఏజెంటైతే ఐడీ కార్డు, కంపెనీ ఇచ్చిన అధికార పత్రం వెంట ఉండాలి. బూతులు తిట్టడం, చుట్టాల్నీ తోటి పనివాళ్లనీ వేధించడం, బాకీ ఉన్నవాళ్ల పేర్లు బయటపెట్టడం నిషేధం. మిగతా బ్యాంకు లోన్ల బాకీకైతే ఫోన్ చేయాలన్నా ఉదయం 8 నుంచి రాత్రి 7 లోపే.

కోర్టు డిక్రీ, అంటే తీర్పు కాగితం, తెచ్చుకుని అమీనా (జప్తు చేసే కోర్టు ఉద్యోగి) వచ్చినా సరే, పొద్దుగూకాక ఇంట్లో అడుగుపెట్టకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 62వ సెక్షన్ చెబుతోంది. 60వ సెక్షన్ ప్రకారం కట్టుబట్టలు, వంటగిన్నెలు, పరుపులు, చేతిపనివాళ్ల పనిముట్లు జప్తు చేయకూడదు. కుట్టి బతికే మనిషి మిషన్ కూడా ఆ పనిముట్లలోకే వస్తుందని నా నమ్మకం. కోర్టు మనిషికే ఇన్ని హద్దులుంటే, చేతిలో కాగితం ముక్క కూడా లేని కుర్రాడికి రాత్రి పూట మంచం మీద కూర్చునే ధైర్యం ఎక్కడిది?

బాకీ తీర్చాల్సిందే. అక్క కూడా ఎగ్గొడతానని ఏనాడూ అనలేదు.

ఈ బాధ మనకు కొత్త కాదు. ఈ వసూళ్ల ఒత్తిడి తట్టుకోలేక ఆడవాళ్లు ప్రాణాలు తీసుకున్నాకే 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ తర్వాత అది చట్టమైంది. మాటిమాటికీ ఇంటి చుట్టూ తిరగడాన్ని కూడా బలవంతపు వసూలు కిందే లెక్కగట్టారందులో. రిజర్వు బ్యాంకులో రిజిస్టరైన ఫైనాన్స్ కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పిచ్చింది. ఇక మాకు మిగిలింది రిజర్వు బ్యాంకు నిబంధనలూ, పోలీసులూ. ఆ కుర్రాళ్లు వచ్చిన మర్నాడు అక్క స్టేషన్‌కు వెళ్తే "అప్పు గొడవ, మీరే మాట్లాడుకోండి" అని పంపేశారు. అప్పు సంగతి సివిల్ కోర్టు చూసుకుంటుంది, నిజమే. కానీ బెదిరించడానికి ఇంట్లో చొరబడటం నేరం. దానికి ఫిర్యాదు రాసుకోవాల్సింది పోలీసులే కదా?

లోను కార్డు తీసుకున్నవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలని నిబంధన ఉంది. అదే కార్డు మీద, కిస్తీల గళ్ల పైనే, ఇంటికి ఎప్పుడు రావచ్చో ఎప్పుడు రాకూడదో పెద్ద అక్షరాల్లో వేయించాలి. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలనీ, 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అధికారి అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చనీ, అందుకు 14448కి ఫోన్ చేసి తెలుసుకోవచ్చనీ కూడా వేయాలి. గ్రూపు మీటింగుల్లో ఇవి చదివి వినిపించాలి.

అంతవరకూ మీ పత్రికే ఒక మూలన ఈ వేళలు, ఆ నంబరు వారానికోసారి అచ్చువేయాలని నా మనవి. కత్తిరించి తలుపుకు అంటించుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
వరంగల్ జిల్లా