తెల్లకణాలు ఈదవు

సంపాదకులకు,

తెల్లరక్తకణాలు రక్తంలో ఈదుకుంటూ వెళ్లి వాపున్న చోట ఆగుతాయని ఇటీవల మీ సైన్సు పేజీలో రాశారు. నిజానికి ప్రవాహం తోసుకుపోతుంటే, నాళపు గోడ మీది సెలెక్టిన్ అణువులు క్షణకాలం పట్టి వదులుతుండగా ఆ కణాలు గోడ వెంబడి దొర్లి, తమ మీది ఇంటిగ్రిన్లు అనే గట్టిగా అతుక్కునే అణువులు బిగిసినప్పుడే నిలుస్తాయి. కొక్కేల్లాంటి ముళ్లుండే మరులమాతంగి కాయలు అతికించిన స్పాంజి బంతిని వాలుగా పరచిన గొంగళి మీద వదిలి, మా ఇంటర్ విద్యార్థులకు ఇదే చూపిస్తుంటాను.

కణానికీ గోడకూ మధ్య బంధాన్ని లాగే బలం పెరిగేకొద్దీ అది తెగే రేటు ఘాతీయంగా పెరుగుతుందని 1978లో జార్జ్ బెల్ అనే శాస్త్రవేత్త సూత్రీకరించగా, ఒక్కో బంధం ఏర్పడటాన్ని, తెగిపోవడాన్ని పాచికలు వేసినట్టు సంభావ్యతతో లెక్కగట్టే కంప్యూటర్ నమూనాను 1992లో హామర్, ఆప్టే అనే పరిశోధకులు ప్రచురించారు. అయితే బెల్ సూత్రానికి భిన్నంగా, కొంతమేర లాగితే సెలెక్టిన్ బంధం ఇంకా ఎక్కువసేపు నిలుస్తుందని 2003లో తేలింది. విచిత్రమే అయినా, ఆ సంగతి లేకుండా ఈ పాఠం పూర్తికాదు.

— ఒక జీవశాస్త్ర అధ్యాపకుడు, మధురవాడ, విశాఖపట్నం