స్కాలర్‌షిప్ సంగతి, రామప్ప ఇటుకల సంగతి

అందరికీ నమస్కారం. సిరామిక్స్ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది తప్పకుండా చదవండి.

కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకు ఇచ్చే స్కాలర్‌షిప్‌లో కుండల పని, సిరామిక్స్ కూడా ఉన్నాయి. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకు నెలకు 5,000 రూపాయలు, రెండేళ్లపాటు. అది పెయింటింగ్ వాళ్లకే అనుకుని మనవాళ్లు వదిలేస్తున్నారు, నాకు అదే బాధ. నోటిఫికేషన్ పడేదాకా ఆగకండి, మీరు చేసిన కుండల ఫోటోలు ఇప్పుడే తీసి పెట్టుకోండి. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, వెనక తెల్ల బట్ట కట్టి తీస్తే గ్లేజ్ (కుండ మీద గాజులా ఉండే పూత) రంగు ఉన్నది ఉన్నట్టు వస్తుంది. ఫ్లాష్ వద్దు, తెల్లటి మచ్చ పడుతుంది. కుండ అడుగు కూడా తీయండి, పనితనం అక్కడే తెలుస్తుంది.

ప్రాజెక్టుకు టాపిక్ దొరక్క టెన్షన్ పడుతున్నవాళ్లు ఒకసారి పాలంపేట వెళ్లి రండి. 1213 నాటి రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. మట్టిలో ఊక, రంపపు పొట్టు లాంటివి కలిపి కాలిస్తే అవి కాలిపోయి ఆ చోట ఖాళీలు మిగులుతాయి. మన చెరువు మట్టితోనే చిన్న బిళ్లలు చేసి చూడండి. కాల్చకముందు, కాల్చాక తూకం వేసి రాసుకోండి.

తొందరపడి పచ్చివి బట్టీలో పెట్టకండి. పోయిన నెల నావి మూడు పగిలాయి. పైన ఆరినట్టే ఉన్నా అడుగు చేతికి చల్లగా తగిలింది, అయినా పెట్టేశాను. చల్లగా ఉందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

హన్మకొండ చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఆదివారం పొద్దున వస్తే ఫోటోలు కలిసి తీద్దాం. వచ్చేవాళ్లు ఇక్కడే పేరు పెట్టండి, ఎన్ని బట్టలు తేవాలో చూసుకుంటా.