మా పందిని వెతికి తెచ్చిన బెజవాడ వాళ్లకు

నవమి రాత్రి మా వీధి మండపంలో పిల్లలు వేసిన కిరాతార్జునీయం నాటకం బాగా జరిగింది. అందులో నా గొప్పేమీ లేదు. ముక్కూమొహం తెలియని కొందరు తిరిగిన తిరుగుడు వల్ల జరిగింది. అందుకే ఈ పోస్టు.

నేను సత్యనారాయణపురంలో ట్యూషన్లు చెబుతాను. దసరాకి ఏదైనా వేద్దామని పిల్లలు పట్టుబడితే, ఊరి కథే కదా అని ఇది ఎంచుకున్నాను. పాశుపతాస్త్రం కోసం అర్జునుడు తపస్సు చేస్తుంటే మూకుడనే దానవుడు అడవిపంది రూపంలో మీదికొస్తాడు. గాండీవం ఎక్కుపెట్టేసరికి ఒక బోయవాడు వచ్చి ‘ముందు గురిపెట్టింది నేను’ అంటాడు. రెండు బాణాలూ ఒక్కసారే తగిలి పంది చస్తుంది. అసలు గొడవ అక్కడ మొదలు, వేట నాదంటే నాదని. అర్జునుడి బాణాలన్నీ అయిపోతాయి, గాండీవమూ చేజారుతుంది, కుస్తీ పట్టి ఓడిపోతాడు. మట్టితో లింగం చేసి దండ వేస్తే ఆ దండ బోయవాడి తల మీద కనిపిస్తుంది. అప్పుడుగానీ ఆయన శివుడని తెలియదు. భారతంలో ఇదంతా హిమాలయాల వైపు జరుగుతుంది. మా ఊళ్లో ఆ మాటంటే మాత్రం ఇంద్రకీలాద్రి చూపించి మరీ పోట్లాడతారు. సంస్కృత కవి భారవి దీన్ని 18 సర్గల కావ్యం చేశాడు, మేం 18 నిమిషాల్లో తేల్చేశాం.

ఇక మా పంది తలకాయ. వెదురు బద్దల చట్రం మీద పాత పేపర్లు మైదా జిగురుతో ఏడు పొరలు అంటించాం. మెడ మీద జూలుకి కొబ్బరి పీచు. కోరల కోసం మా వీధి ప్లంబర్ గారు పీవీసీ పైపు ముక్కలు స్టవ్ మీద వేడి చేసి వంచి ఇచ్చారు. కళ్లు పాత సైకిల్ వెనకాల ఉండే ఎర్ర బిళ్లలు. చీకట్లో టార్చి పడితే నాకే గుండె ఝల్లుమనేది. అర్జునుడి వేషం కంటే పంది వేషానికే పోటీ ఎక్కువంటే చూడండి.

అష్టమి సాయంత్రం వన్‌టౌన్‌లో రంగులు వేయించి తెస్తూ, తలకాయని ఆటోలో సీటు వెనక పెట్టాను. దసరా రద్దీలో అలంకార్ సెంటర్ దగ్గరే దిగాల్సొచ్చింది. రెండు చేతుల్లో సంచులు. ఆటో కదిలి మలుపు తిరిగాక గుర్తొచ్చింది. నంబరు చూసుకోలేదు. తప్పు నాదే.

ఫొటో పెట్టమంటే మా పిల్లలు కంగారులో ‘మా పంది పోయింది, కనిపిస్తే చెప్పండి’ అని నా నంబరుతో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేశారు, ఫొటో లేకుండా. అరగంటలో ఒకాయన ఫోన్: ‘అమ్మా, మా సందులో నాలుగు తిరుగుతున్నాయి, మీదేదో వచ్చి చూసుకోండి.’ అంత టెన్షన్‌లోనూ నవ్వాగలేదు. ఆయనకీ థాంక్స్, నిజంగా సాయం చేద్దామనే చేశారు పాపం.

తర్వాత ఫొటో వెళ్లింది. బస్టాండ్ దగ్గర ఆటో నడిపే ఒక పెద్దాయన రాత్రి పదకొండు దాకా తనకు తెలిసిన స్టాండులన్నిటికీ ఫోన్లు చేస్తూనే ఉన్నారు. నా ఆటో అబ్బాయి తెల్లారేసరికి దొరికాడు. ఎవరో పారేసిందనుకుని, పటమటలో కడుతున్న ఒక బిల్డింగ్ వాచ్‌మన్‌కి దిష్టిబొమ్మగా ఇచ్చేశాడట. ఏ బిల్డింగో సరిగ్గా చెప్పలేకపోయాడు. పటమటలో కడుతున్న బిల్డింగులు ఒకటా రెండా? అప్పుడు ఫుడ్ డెలివరీ చేసే ఒక డిగ్రీ కుర్రాడు ఆర్డర్ల మధ్యలో సందు సందూ తిరిగాడు. రెండో అంతస్తు సెంట్రింగ్ కర్రకి కట్టి ఉంది మా మూకాసురుడు, పక్కన ఒక గుమ్మడికాయ.

నవమి మధ్యాహ్నం ఇద్దరూ కలిసి తెచ్చారు. ఒక కోర విరిగింది, అంతే. ఎవరు పట్టుకున్నారని అడిగితే ‘బాబే, అమ్మా, నేను ఫోన్లు చేశానంతే’ అని ఈయన, ‘అంకులే చేశారు మేడం, నేను దారిలోదేగా’ అని అతను. అర్జునుడూ శివుడూ ‘నాదీ నాదీ’ అని కొట్టుకున్న పంది దగ్గర ఇది చూసి, బోయవాడి వేషం వేసిన పిల్లాడు ‘టీచర్, డైలాగ్ మార్చేద్దామా?’ అన్నాడు. మార్చలేదులెండి.

డబ్బులిస్తే ఇద్దరూ తీసుకోలేదు. టీ, నాలుగు గారెలు, అంతే. పేర్లు రాయొద్దన్నారు, రాయడం లేదు. గంటలో కోర అతికించిన ప్లంబర్ గారికీ, ఫోన్లు చేసిన ప్రతి ఒక్కరికీ, మా 11 మంది పిల్లల తరఫున చేతులెత్తి నమస్కారం.

వాచ్‌మన్ గారు మాత్రం ఇచ్చేటప్పుడు ఒక మాట అడిగారట, నాటకం అయ్యాక మళ్లీ ఇస్తారా అని. దశమి పొద్దున్నే పంపించేశాం. పటమట వైపు వెళ్తే తలెత్తి చూడండి, ఎడమ కోర మీద తెల్ల టేపు ఉంటుంది.